కామినీ పొద, కరివేపాకు మొక్క, చీనీ తోట

వానలు మొదలయ్యాక ఫరీదాబాద్ సెక్టార్లలో, పార్కుల చుట్టూ, ఇళ్ల గేట్ల పక్కన నిలువెత్తు కంచెలుగా పెంచే ఒక పొద విరగబూస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని కామిని అంటారు. మన తూర్పు కనుమల అడవుల్లో అక్కడక్కడా కనబడే నాగగొలుగు ఇదే. అయిదు రేకుల తెల్లపూలు, చీకటిపడ్డాక మరీ చిక్కబడే పరిమళం, ఆ తరువాత చిన్నచిన్న ఎర్రటి కాయలు. రేకులు ఇట్టే రాలిపోతాయి కాబట్టి మాలలకు పనికిరాదు. అందుకే చాలామంది దీన్ని ఒట్టి కంచెమొక్కగానే లెక్కవేస్తారు. ఒక్క ఆకు తుంచి వెలుతురుకేసి పట్టి చూడండి. ఆకు నిండా వెలుగు చొరబడే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసన వాటిదే. ఇదే పరీక్ష మీ వంటింటి కిటికీలోని కరివేపాకుకు, నిమ్మ ఆకుకు, బత్తాయి ఆకుకు, శివుడి పూజకు తెచ్చిన మారేడు దళానికి చేసి చూడండి. అన్నిట్లోనూ అవే చుక్కలు. వృక్షశాస్త్రజ్ఞులు రూటేసి అని పిలిచే ఒకే కుటుంబం ఇదంతా. నిమ్మ కుటుంబం అనుకుంటే మనకు సులువు. ఈ చుట్టరికం పుస్తకాల్లో రాసుకోవడానికి మాత్రమే పనికొచ్చే సంగతి కాదు. చుట్టాలకు పురుగులూ ఉమ్మడే, కొన్ని రోగాలూ ఉమ్మడే. అందువల్ల ఇవాళ నేను చెప్పదలచిన మాట ఒక్కటే: నిమ్మ కుటుంబానికి చెందిన మొక్కను వేళ్లతో గాని, పచ్చి కొమ్మతో గాని ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి మోసుకుపోవద్దు. సొంత ఊరినుంచి కరివేపాకు పిలకో, నిమ్మ అంటో రైల్లో తెచ్చుకునే అలవాటున్న మనకు ఈ మాట కొంచెం కష్టంగానే ఉంటుంది. కాబట్టి కారణాలు చెప్పి ఒప్పించవలసిన బాధ్యత నాది.

ముందు పురుగు సంగతి. దాని పేరు సిట్రస్ సిల్లా. పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు, ఒళ్లంతా గోధుమరంగు మచ్చలు. దీన్ని గుర్తుపట్టడానికి భూతద్దం అక్కర్లేదు, అది కూర్చునే తీరు చాలు. తల ఆకుకు ఆనించి, వెనకభాగాన్ని ఏటవాలుగా పైకెత్తి, రసం పీలుస్తూ కదలకుండా ఉంటుంది. తల్లి పురుగు గుడ్లు పెట్టేది ఇంకా విచ్చుకోని లేత చిగురులోనే. నారింజ పసుపు రంగులో, బాదం గింజ ఆకారంలో ఉండే ఆ గుడ్లు ఆకుమడతల్లో దాగి ఉంటాయి. ఒక ఆడ పురుగు తన జీవితకాలంలో 800 దాకా గుడ్లు పెట్టగలదు. పొదిగి వచ్చిన పిల్లపురుగులు చిగురును అంటిపెట్టుకుని పీలుస్తూ, తెల్లటి మైనపు పోగులను మెలికలుగా విసర్జిస్తాయి. తియ్యటి జిగట కూడా కారుస్తాయి, దానికోసం చీమలు చేరతాయి. చిగురు ముడుచుకుని, వంకర తిరిగి, దాని మీద తెల్లటి మెలికల పోగులు కనబడితే సిల్లా ఉన్నట్టే. కామిని ఏడాదిలో పలుమార్లు చిగురిస్తుంది, కంచె కాబట్టి కత్తిరించిన ప్రతిసారీ మళ్లీ చిగురిస్తుంది. అందుకే ఈ పురుగుకు అది ఎంతో ఇష్టమైన ఇల్లు. కరివేపాకు కూడా అంతే. రెబ్బలు తుంచినకొద్దీ కొత్త చిగుళ్లు వేసే మొక్క కదా.

ఒట్టి రసం పీల్చే పురుగయితే ఇంత మాట్లాడనక్కర్లేదు. సిల్లా కడుపులో ఒక బాక్టీరియా ప్రయాణం చేస్తుంది. నిమ్మ జాతి చెట్లకు వచ్చే గ్రీనింగ్ తెగులుకు అదే కారణం. పిల్లపురుగుగా ఉన్నప్పుడు రోగమున్న చెట్టు రసం తాగితే, రెక్కలొచ్చి బతికినంతకాలం ఆ బాక్టీరియాను కొత్త చెట్లకు ఎక్కిస్తూనే ఉంటుంది. బాక్టీరియా చెట్టులో నివసించేది ఆకులో తయారైన ఆహారాన్ని వేళ్లకూ కాయలకూ మోసే నాళాల్లో. ఆ నాళాలు పూడికపడ్డ పంటకాలువల్లా అయిపోతాయి: ఆకులో పిండిపదార్థం పేరుకుపోతుంది, కింద వేళ్లు పస్తుంటాయి. ఆకు మీద మచ్చలు మధ్య ఈనెకు అటూ ఇటూ ఒకే తీరున ఉండవు, ఒక పక్క పసుపు, రెండో పక్క ఆకుపచ్చ. ఎరువు లోపంవల్ల వచ్చే పసుపు రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. తేడా పట్టుకోవడానికి ఇదొక గుర్తు. కాయ వంకరగా, చిన్నదిగా, అడుగున పచ్చగా ఉండిపోతుంది. రసం చేదెక్కుతుంది. గింజలు తాలుపోతాయి. ఇంట్లో వాళ్లకు ముందుగా ఒక భరోసా ఇవ్వాలి. ఈ తెగులు మనుషులకు సోకదు, రోగమున్న చెట్టు పండు తిన్నా ఏ హానీ లేదు. నష్టమంతా చెట్టుకూ రైతుకూ. ఒకసారి సోకిన చెట్టును పూర్తిగా నయం చేసే మందు ఇంతవరకు లేదు. ఇంకో చిక్కు ఉంది, నా వాదనంతా దాని మీదే నిలబడి ఉంది. బాక్టీరియా లోపలికి చేరిన తరువాత లక్షణాలు బయటపడడానికి కొన్ని నెలలు పడుతుంది, పెద్ద చెట్టుకైతే ఏళ్లు కూడా పట్టవచ్చు. అంటే నర్సరీలో నిగనిగలాడుతూ కనబడే అంటుమొక్క రోగిష్టిదై ఉండవచ్చు. కంటితో చూసి ఇది మంచి మొక్క అని చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

దీనికి ఋజువు కావాలంటే అమెరికాలోని ఫ్లోరిడా చరిత్ర చూడాలి. అక్కడ సిల్లాను మొదట కనిపెట్టింది 1998లో. ఎక్కడ? నారింజ తోటలో కాదు, కామినీ కంచె మీద. అక్కడివాళ్లకు అది ఆరెంజ్ జాస్మిన్, కుండీల్లో పెంచి దుకాణాల్లో అమ్మే అలంకారపు మొక్క. రెండు మూడేళ్లలో పురుగు ఆ రాష్ట్రంలో చాలా భాగానికి చేరిపోయింది. తన రెక్కలతో అంత దూరం, అంత వేగంగా పోగల పురుగు కాదది. అమ్మకానికి లారీలెక్కిన కుండీ మొక్కలే దాన్ని మోశాయి. 2001లో టెక్సాస్‌కూ అదే దారిన, ఫ్లోరిడా నుంచి వెళ్లిన కామినీ మొక్కల మీద చేరింది. 2005లో గ్రీనింగ్ తెగులు మయామీ దగ్గర బయటపడింది. ఆ తరువాత శాస్త్రజ్ఞులు తోటసామాను దుకాణాల్లో అమ్మకానికి పెట్టిన మొక్కల మీది సిల్లాలను పట్టి పరీక్షిస్తే వాటిలోనూ బాక్టీరియా దొరికింది. 1997–98లో 24 కోట్లకు పైగా పెట్టెల నారింజ పండించిన ఫ్లోరిడా, 2023–24లో పండించింది 2 కోట్ల పెట్టెలకు లోపే. ఒక్కో పెట్టె సుమారు 41 కిలోలు. ఈ పతనంలో తుపానుల పాలూ, తోటలు తీసి ఇళ్లు కట్టిన పాలూ ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. కానీ తుపాను పోయాక చెట్టు తేరుకుంటుంది. గ్రీనింగ్ సోకిన చెట్టు తేరుకోలేదు. అసలు దెబ్బ అదే.

రెండో ఋజువు మనకు మరీ దగ్గరిది. 2009లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో, పార్సిళ్ల కేంద్రంలో వాసన పసిగట్టే శిక్షణ పొందిన కుక్క ఒక పార్సిల్ దగ్గర ఆగింది. అది భారతదేశం నుంచి వచ్చిన పార్సిల్. లోపల కరివేపాకు, దానిమీద సిల్లా పురుగులు. పరీక్ష చేస్తే ఆ పురుగుల్లో గ్రీనింగ్ బాక్టీరియా ఉంది. అప్పటికి కాలిఫోర్నియాలో ఆ తెగులు ఒక్క చెట్టులోనూ బయటపడలేదు. మొదటిసారి దొరికింది 2012లో, లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో ఒక ఇంటి పెరటి చెట్టులో. పార్సిల్‌కూ ఆ చెట్టుకూ సంబంధం ఉందని నేను అనడం లేదు. వేల మైళ్ల దూరాన్ని ఒక కరివేపాకు పొట్లంలో కూర్చుని రోగం దాటగలదని మాత్రం ఆ పార్సిల్ తిరుగులేకుండా చూపించింది. అమెరికాలో ఉన్న పిల్లలకు ఊరగాయలతోపాటు పచ్చి కరివేపాకు సర్దే తల్లులు ఎందరో. ఆ ప్రేమను తప్పు పట్టలేం. కానీ విమానాశ్రయంలో ఆ ఆకు తీసి పారేసినప్పుడు అది వేధింపు అనుకోవడం మాత్రం సరికాదు.

ఇక మన దేశం సంగతి. సిల్లావల్ల పంజాబ్ తోటలకు జరుగుతున్న నష్టాన్ని హుస్సేన్, దీనానాథ్ అనే శాస్త్రజ్ఞులు 1927లోనే వివరంగా రాశారు. తోటలు ఎండుకొమ్మలతో క్షీణించిపోవడానికి నేల, నీరు, ఎరువు, వైరస్ అంటూ ఎన్నో కారణాలు చెప్పుకున్న కాలం అది. 1960లలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞురాలు లిలియన్ ఫ్రేజర్ మన శాస్త్రజ్ఞులతో కలిసి పరిశీలించి, ఆ క్షీణతకు గ్రీనింగ్ ప్రధాన కారణం కావచ్చునని తేల్చారు. మన తెలుగు నేల మీద ఈ విషయం ఎవరికి పడుతుందో వేరే చెప్పాలా? అనంతపురం, కడప జిల్లాల చీనీ తోటలు, నల్గొండ బత్తాయి, గూడూరు నిమ్మ. బోరు నీటిని నమ్ముకుని, ఆరేళ్లో ఏడేళ్లో పెంచి, కాపుకొచ్చే వేళకు చెట్టు పసుపెక్కితే ఆ రైతు నష్టం ఒక పంటది కాదు, పదేళ్లది. ఇక్కడ ఫరీదాబాద్‌లో చలికాలమంతా బండ్ల మీద పిండే కిన్నో రసం కూడా ఈ కుటుంబపు పండుదే. హర్యానాలో సిర్సా, ఫతేహాబాద్ వైపు ఆ తోటలున్నాయి. మరొక విషయం ఫరీదాబాద్ వాళ్లు తెలుసుకోదగ్గది. దేశం మొత్తానికి మొక్కల క్వారంటైన్ వ్యవహారాలు చూసే కేంద్రప్రభుత్వ వృక్ష సంరక్షణ, క్వారంటైన్, నిల్వల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. 1946లో ఏర్పడిన సంస్థ అది. విదేశాల నుంచి మొక్క గాని విత్తనం గాని రావాలంటే 1914 నాటి చట్టం, 2003 నాటి ఉత్తర్వు ప్రకారం అనుమతీ, ఆరోగ్య ధ్రువపత్రమూ ఉండాలి. ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో ఆ తనిఖీ చేసేది ఈ డైరెక్టరేట్ మనుషులే. కానీ దేశం లోపల ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మొక్కలు వెళ్లకుండా ఆపే జాబితా చాలా చిన్నది. బంగాళాదుంప వార్ట్ తెగులు, ఆపిల్ చెట్ల శాన్‌జోస్ పొలుసు పురుగు, అరటి బంచీటాప్ వంటివి అందులో ఉన్నాయి, గ్రీనింగ్ లేదు. అనంతపురం నుంచి ఫరీదాబాద్‌కు గాని, ఇక్కడినుంచి అక్కడికి గాని నిమ్మ అంటు తీసుకువెళ్లేవాళ్లను అడ్డగించే అధికారి ఎవరూ ఎదురుకారు. అక్కడ పనిచేయవలసింది మన వివేకమే.

దీనికి వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది. సిల్లా దేశమంతటా ఎప్పటినుంచో ఉంది కదా, తెగులూ చాలా రాష్ట్రాల్లో ఉంది కదా, నేనొక్కణ్ణి ఒక మొక్క తేకుండా మానితే ఒరిగేదేముంది అని. ఆక్షేపణలో సగం నిజం ఉంది. పురుగు ఉన్న మాట వాస్తవం. కానీ పురుగు ఉండడం వేరు, రోగం మోసే పురుగు ఉండడం వేరు. ఆరోగ్యంగా ఉన్న తోట పక్కనున్న సిల్లా ఆకురసం తాగి పోతుంది, అంతే. ఆ పరిసరాల్లోకి రోగమున్న ఒక్క మొక్క వచ్చి చేరితే, దాని చిగుళ్ల మీద పెరిగిన సిల్లాలు రోగవాహకాలు అవుతాయి. తెగులు దేశంలో ఉంది అంటే ప్రతి పల్లెలో, ప్రతి తోటలో ఉందని అర్థం కాదు. తోటతోటకూ తేడా ఉంది, ఆ తేడాయే రైతును బతికిస్తోంది. పైగా ప్రాణంతో ఉన్న మొక్క ఒక్క గ్రీనింగ్‌నే మోయదు. ఆకుల మీద గజ్జి తెగులు, కొమ్మలో ట్రిస్టిజా వైరస్, వేళ్లకంటిన మట్టిలో బంక తెగులు శిలీంధ్రం, కంటికానని నులిపురుగులు, ఇవన్నీ ఒక పాలిథీన్ సంచిలో ప్రయాణం చేయగలవు. మట్టితో సహా మొక్కను తరలించడమంటే ఆ ఊరి నేలను కొంచెం తీసుకువచ్చి ఈ ఊరి నేలలో కలపడమే. 1998లో ఫ్లోరిడాలోనూ కుండీ మొక్క కొన్న ప్రతివాళ్లూ నాదొక్కటేగా అనే అనుకుని ఉంటారు.

రెండో ఆక్షేపణ కొంచెం తెలిసినవాళ్లు వేసేది. కరివేపాకుకు గ్రీనింగ్ రాదంటున్నారే, మరి దాన్నెందుకు కలుపుతారు అని. నిజమే. కరివేపాకు మీద సిల్లా బాగా వృద్ధి చెందుతుంది గాని బాక్టీరియా ఆ మొక్కలో నిలదొక్కుకోలేదని పరిశోధనలు చూపించాయి. కామిని విషయంలో పరిస్థితి మధ్యస్థం: బాక్టీరియా అందులో చేరగలదు, కాని ఎక్కువకాలం, ఎక్కువ మోతాదులో నిలవదు. అయితే ఫ్రెస్నో పార్సిల్ మళ్లీ గుర్తు చేసుకోండి. ఆకులో రోగం లేకపోయినా ఆకు మీద కూర్చున్న పురుగులో ఉంది. కరివేపాకు రోగి కాదు, కానీ రోగవాహకానికి బండి. కరివేపాకులో ఈ గుణం ఎందుకుందో తెలిస్తే రేపు చీనీకి అది మందు కావచ్చు కూడా, అందుకని కూడా ఈ చుట్టరికాన్ని పట్టించుకోవాలి. ప్రసంగవశాత్తూ ఒక మాట. కరివేపాకు శాస్త్రీయ నామంలో కోనిగ్ అనే పేరు ఉంది. వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ శిష్యుడైన జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ తరంగంబాడికి వచ్చి దక్షిణాది మొక్కలను సేకరించి, చివరకు 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆఖరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసింది అప్పుడు సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్. మన పోపుగిన్నెలోని ఆకుకు తెలుగు గడ్డ మీద తనువు చాలించిన మనిషి పేరు ఉందన్నది చాలామందికి తెలియదు, అందుకే చెప్పాను.

మూడో ఆక్షేపణ ఇంకో దిక్కునుంచి వస్తుంది. కామిని ఇంత ప్రమాదమైతే ఫరీదాబాద్ కంచెలన్నీ నరికేయాలి కదా? బ్రెజిల్‌లో సావోపాలో రాష్ట్రంలో నారింజ తోటలకు దగ్గరగా ఉన్న కొన్ని పట్టణాలు ఈ పొదను నాటకుండా, ఉన్నదాన్ని తీసేసేలా నిబంధనలు చేసుకున్నాయి కూడా. అక్కడ అది న్యాయమే, కంచెకూ తోటకూ మధ్య దూరం లేదు కాబట్టి. మన పల్లెల్లోనూ చీనీ తోట గట్టు మీద, నిమ్మ నర్సరీ చుట్టూ కామినీ కంచె వేయకూడదని గట్టిగా చెబుతాను. ఫరీదాబాద్ పరిస్థితి వేరు. ఇక్కడికి దగ్గర్లో చెప్పుకోదగ్గ నిమ్మ జాతి తోటలు లేవు. దుమ్ముతో, పొగతో నిండిన ఈ ఊళ్లో పచ్చగా ఉండే కంచెను పీకి పారేస్తే పోగొట్టుకునేదే ఎక్కువ. ఉన్నచోట ఉన్న మొక్క శత్రువు కాదు, కదిలే మొక్కతోనే పేచీ.

నరకనక్కర్లేదంటే మందు కొట్టాలేమో అని వెంటనే తోస్తుంది. అక్కడే ఆగాలి. సిల్లాకు ఒక సహజ శత్రువు ఉంది, టామరిక్సియా అనే కందిరీగ జాతి జీవి, పొడవు ఒక మిల్లీమీటరు. మనుషులను కుట్టదు, కంటికి ఆనడమే కష్టం. పంజాబ్‌లో దొరికిన నమూనాలను బట్టి 1922లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఇది సిల్లా పిల్లపురుగు పొట్ట కింద గుడ్డు పెడుతుంది; గుడ్డులోంచి వచ్చిన డింభకం ఆ పిల్లపురుగును కిందినుంచి పీల్చి తిని, ఎండిన డొల్లకు చిన్న గుండ్రటి కన్నం చేసుకుని బయటపడుతుంది. ఒక్క ఆడ కందిరీగ గుడ్లు పెట్టీ, నేరుగా తినీ 500 దాకా పిల్లపురుగులను చంపగలదు. 1978లో మన దేశం నుంచి దీన్ని రీయూనియన్ దీవికి తీసుకువెళ్లి వదిలితే అక్కడి సిల్లా బాగా అణిగిపోయింది. 2011లో కాలిఫోర్నియా వాళ్లు పాకిస్తాన్ పంజాబ్ నుంచి తెచ్చుకుని, నెలల తరబడి క్వారంటైన్‌లో పరీక్షించి మరీ వదిలారు. చూడండి, మేలు చేసే జీవిని కూడా వాళ్లు సంచిలో వేసుకుని రాలేదు, తలుపు దగ్గర ఆపి, పరిశీలించి, ఆ తరువాతే లోపలికి రానిచ్చారు. అక్కడ ఈ కందిరీగలను పెద్ద ఎత్తున పెంచడానికి వాడిన మొక్కల్లో మన కరివేపాకూ ఉంది, గ్రీనింగ్‌ను నిలుపుకోని మొక్క కాబట్టి. ఇంత మంచి జీవి ఇక్కడ సహజంగా తిరుగుతున్నప్పుడు, పురుగు కనబడగానే కీటకనాశని కొడితే ముందు చచ్చేది అదే. సిల్లా మళ్లీ చిగురు రాగానే వస్తుంది. పైగా కరివేపాకు మనం తినే ఆకు. పొలంలో వాడే మందుకు కొట్టిన తరువాత కోతకు ఆగవలసిన రోజులు ఉంటాయి. రోజూ రెండు రెబ్బలు తుంచుకునే బాల్కనీ మొక్కకు ఆ గడువు ఎవరు పాటిస్తారు? పురుగు పట్టిన చిగుళ్లు కత్తిరించి మూతకట్టిన సంచిలో వేసి ఎండలో పెట్టండి. మిగతా మొక్క మీద నీళ్లు జోరుగా కొట్టండి. చీమలు కాండం ఎక్కకుండా చూడండి, ఎందుకంటే తియ్యటి జిగట కోసం అవి సిల్లా పిల్లలకు కాపలా కాసి కందిరీగలను తరిమేస్తాయి. మరీ ఎక్కువైతే వేపనూనె పలచగా కలిపి చల్లవచ్చు. ఇంటి మొక్కకు ఇంతకు మించి అక్కర్లేదు.

మోసుకుపోవద్దనే మాట అడవి మొక్కలకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. నిమ్మ కుటుంబంలో మనం పెంచే మొక్కలు కొన్నే, పెంచనివి చాలా. మన పొడి అడవుల్లో ముళ్లతో పెరిగే అడవినిమ్మ, తొర్రెలగ అలాంటివి. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా సహజంగా పెరగని పాంబురస్ అనే ముళ్ల పొద ఒకటుంది, తీరప్రాంతపు పొడి అడవుల్లో అరుదుగా మిగిలింది. మేఘాలయలో గారో కొండల నోక్రెక్‌లో అడవి నారింజను కాపాడడానికి 1981లో ప్రత్యేకంగా ఒక అభయారణ్యాన్నే ఏర్పరచారు. వీటి కాయలు బజారుకు రావు, పులుసులోకీ పనికిరావు, వీటితో ఏం పని అని అడిగేవాళ్లకు జవాబు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడి అడవి నిమ్మ జాతి, వేలెడు కాయలు కాసే ఫింగర్ లైమ్, గ్రీనింగ్‌ను తట్టుకుంటుంది. కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు అందులో బాక్టీరియాను చంపే ఒక చిన్న ప్రొటీన్ ముక్కను గుర్తించి, 2021లో ప్రచురించారు. చీనీకి పనికొచ్చే అలాంటి గుణం మన అడవినిమ్మలో ఉందో, పాంబురస్‌లో ఉందో వెతకాలంటే ముందు అవి మిగలాలి. అరుదైన పొద కనబడిందని తవ్వి తెచ్చి కుండీలో పెట్టుకునేవాళ్లు రెండు తప్పులు చేస్తున్నారు: అక్కడ ఉన్నదాన్ని తగ్గిస్తున్నారు, ఇక్కడున్న పురుగుకు దాన్ని అప్పగిస్తున్నారు. ఫొటో తీసుకోండి, చోటు గుర్తుపెట్టుకుని అటవీ శాఖకో, దగ్గరి కాలేజీ వృక్షశాస్త్ర విభాగానికో చెప్పండి.

చివరగా, మొక్క తేకూడదంటే మరి ఊరి కరివేపాకు ఫరీదాబాద్‌లో ఎలా అని అడగడం సహజం. గింజ తెచ్చుకోండి. కరివేపాకు కాయ పండి నల్లగా నేరేడు రంగుకు వచ్చినప్పుడు కోసి, గుజ్జు పూర్తిగా కడిగేసి, లోపలి గింజను నీడన ఆరబెట్టి కాగితంలో చుట్టుకోండి. సిల్లా చిగురును పట్టుకుని బతికేదే గాని గింజలో ఉండేది కాదు, గింజకు మట్టీ అంటి ఉండదు. దాచిపెడితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది, అందువల్ల వచ్చిన వారంలోనే నాటాలి. ఫరీదాబాద్ చలికి డిసెంబరు, జనవరి నెలల్లో ఆకు రాల్చినా భయపడనక్కర్లేదు, లేత మొక్కను మాత్రం మంచు పడకుండా లోపలికి జరపండి, ఎండ తిరగగానే చిగురిస్తుంది. నిమ్మ, బత్తాయి, కిన్నో మొక్కలు కావాలంటే, ఎక్కడ ఉన్నవాళ్లు అక్కడే, తల్లిచెట్టును పరీక్షించి అంటుకట్టే ప్రభుత్వ నర్సరీల నుంచి గాని, గుర్తింపు పొందిన నర్సరీల నుంచి గాని కొనండి. సొంత ఊళ్లో పొలం ఉన్నవాళ్లు ఈ మాట ఇంటికి ఫోన్ చేసి చెప్పండి: అనంతపురానికో, నల్గొండకో వేరే రాష్ట్రపు సంతలో చవకగా దొరికిన అంట్లు దింపవద్దని, తిరుపతిలోనూ పెట్లూరులోనూ ఉన్న నిమ్మ జాతి పరిశోధన కేంద్రాలను ముందు సంప్రదించమని. విదేశాల్లో ఉన్న పిల్లలకు పచ్చి ఆకు బదులు కరివేపాకు పొడి కొట్టి పంపండి. దానిమీద సిల్లా బతకదు.